నెల్లూరు దాకా వచ్చింది నువ్వేనా?

చి. అమ్మణ్ణికి,

ఇక్కడ అందరం బాగున్నాం. కాయితాలు చూసి నవ్వుకోవద్దు, దస్తావేజులు రాయగా మిగిలినవి. వాట్సాప్‌లో పెడితే రెండు నీలం టిక్కులు పడతాయి గానీ జవాబు రాదు, పద్దెనిమిది రోజులుగా చూస్తున్నా కదా. ఫోన్ చేస్తే క్లాసులో ఉన్నానంటావు. రాత్రి తొమ్మిదిన్నరకి ఏం క్లాసో మరి, లా కాలేజీల్లో ఉంటాయేమో.

పోయిన మంగళవారం బిట్రగుంట మామ పెన్షన్ పనిమీద నెల్లూరు పోయి, స్టేషన్లో అచ్చం నీలాంటి పిల్లని చూశానన్నాడు. నేను నమ్మలేదు. విశాఖపట్నం నుంచి అంత దూరం వచ్చిన పిల్ల, గంట దారిలో ఉన్న కావలికి రాకుండా పోతుందా అన్నా. మామకి రెండు కళ్లకీ శుక్లాలున్నాయి. వదిలెయ్ దాన్ని.

మీ అమ్మ కరివేపాకు పొడి, నువ్వుల కారం పంపుతోంది. సీసా మూతకి రెండు కవర్లు చుట్టి రబ్బరు బ్యాండు వేశాను, బ్యాగులో నిలువుగానే ఉంచు. అన్నం తింటున్నావా, లేక ఆ నూడుల్సేనా?

కోవూరత్త వచ్చి వెళ్లింది. రొట్టెల పండగకి తను బలవంతం చేస్తేనే కదా మీ అమ్మ స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె పట్టింది, నీకు సీటు వచ్చాక మళ్లీ ఏడు పోయి రొట్టె వదిలొచ్చింది. ఇప్పుడు అత్త ఏమంటుందో తెలుసా, "ఆ సీటు వదిలేస్తోందంటనే, మరి మన రొట్టె సంగతేంది?" అని. వాళ్ల పిల్లోడి స్నేహితుడెవరో నెల్లూరులో లా చదువుతున్నాడట, వైజాగ్ నుంచి ఒకమ్మాయి ఆఫీసుకొచ్చి ట్రాన్స్‌ఫర్ గురించి అడిగి పోయిందన్నాడట. వైజాగ్‌లో లా చదివే అమ్మాయిలు వందల మంది ఉంటారు. అదే చెప్పాను అత్తకి.

ఊరికే, మాటల్లో మాటగా, మా రిజిస్ట్రారాఫీసుకి వచ్చే వకీలు గారిని అడిగాను. డిగ్రీ ఉందని ఐదేళ్ల కోర్సులో మధ్యలో దూరడం బార్ కౌన్సిల్ 2008 రూల్సు ప్రకారం కుదరదట. ఒక లా కాలేజీ నుంచి ఇంకోదానికి మారడం వేరే సంగతి. దానికి ఈ కాలేజీ మాకు అభ్యంతరం లేదని కాయితం, అదే ఎన్‌ఓసీ, ఇవ్వాలి, ఆ కాలేజీ ఒప్పుకోవాలి, అక్కడ ఆంధ్ర యూనివర్సిటీ, ఇక్కడ విక్రమ సింహపురి, రెండూ సరేననాలి. సెక్షనుకి 60 మందే కాబట్టి ఎవరైనా మానేసి ఖాళీ పడితేనే మాట. నేషనల్ లా యూనివర్సిటీలైతే చాలావాటికి క్లాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి మొదటి ఏడాది నుంచే మొదలెట్టాలన్నాడు. అన్నిటికంటే పెద్ద చిక్కు పేపర్లు. నువ్వు అక్కడ పాసైంది ఇక్కడ మూడో ఏడాదిలో ఉండొచ్చు, ఇక్కడి వాళ్లు ఎప్పుడో రాసేసింది నువ్వు చదివే ఉండకపోవచ్చు, అవన్నీ అదనంగా నీ నెత్తిన పడతాయి. ఒక్కో సబ్జెక్టుకి 70 శాతం హాజరు ఉండాలి కదా, ఈ తిరుగుడులో పోయిన రోజులు ఎవరిస్తారు? ఇంటర్న్‌షిప్ కూడా మొత్తం 20 వారాలట. చేసినవాటి సర్టిఫికెట్లు, ఫీజు రసీదులు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకో, జిరాక్సులు తీయించు. మంచం కింద పెట్టొద్దు, చెద పడుతుంది. క్లాసు పీకకూడదనుకుని మొదలుపెట్టా, చూడు.

నేను మా గురువు దగ్గర దస్తావేజు రాత నేర్చుకునే రోజుల్లో జలదంకి వైపు ఒకాయన ఎకరా పదిహేను సెంట్ల మెట్ట కొన్నాడు. సర్వే నంబరు 214/2కి బదులు 241/2 అని పడింది. పడింది ఏముంది, రాసింది నేనే. హద్దులు మాత్రం సరిగ్గా ఉన్నాయి, తూర్పు డొంక, పడమర కాలువ. నాలుగు నెలలకి లోను కోసం బ్యాంకుకి పోతే బయటపడింది. ఆయన పంచె ఎగ్గట్టి వచ్చి ఈ కాయితం చించెయ్, కొత్తది రాయ్ అంటాడు. కొత్తదంటే స్టాంపు డ్యూటీ మళ్లీ మొదటి నుంచీ. మా గురువు, తప్పు ఎక్కడ పడిందో అక్కడ దిద్దరా, సవరణ దస్తావేజు రాయి అన్నాడు. దానికీ అమ్మినాయన సంతకం కావాలి, ఆయనేమో చెన్నైలో కూతురి దగ్గర ఉన్నాడు. నేనూ కొన్నాయనా రైలెక్కి, వ్యాసర్పాడిలో ఇల్లు పట్టుకునేసరికి మధ్యాహ్నం రెండు. తలుపు తీసి మమ్మల్ని చూడగానే ఆ ముసలాయన ఏడుపు మొదలుపెట్టాడు. పొలం వెనక్కిచ్చి డబ్బు అడగడానికి వచ్చామనుకున్నాడు పాపం, అదంతా ఎప్పుడో ఖర్చైపోయింది. అది కాదయ్యా అని చెప్పడానికి అరగంట పట్టింది. తర్వాత కూతురు అన్నం పెట్టింది, ముల్లంగి సాంబారు, ఇప్పటికీ గుర్తే. దారిఖర్చు ఇస్తే వచ్చి సంతకం పెడతానన్నాడు. ఇచ్చింది నేనే. ఇదంతా ఎందుకు ఎత్తుకున్నానో మరి... ఆఁ, అక్కడ ఏదో ఒక్క చోట తప్పు పడుంటే ఆ ఒక్కటీ చెప్పు. హాస్టలా? మూట్ కోర్టులో, అదే మీ కాలేజీ ఉత్తుత్తి కోర్టులో, ఇంగ్లీషు తడబడితే ఎవరైనా నవ్వారా? ఫీజా? ఫీజైతే అది నా పని, నీది కాదు.

నా కంటి ఆపరేషనుకి వచ్చినప్పుడు వంటింట్లో మీ అమ్మతో, "మీ ఇద్దరికీ ఇక్కడ ఎవరున్నారమ్మా" అన్నావు. కంటికి కట్టుంది గానీ చెవులకి లేదుగా. కన్ను ఇప్పుడు బాగుంది, ఈ ఉత్తరం రాత్రిపూట లైటు కింద రాస్తున్నా. చుక్కల మందు నేనే వేసుకుంటున్నా, రెండు చుక్కలు చెంప మీద పడితే పడనీ. నా కోసమైతే మాత్రం రావద్దు.

కాదూ, నీకే మారాలని ఉంటే చెప్పు. అప్లికేషను నేను రాస్తా. నువ్వు రాస్తే కొట్టివేతలే.

ఆదివారం పదకొండుకి మీ అమ్మ గుడికి పోతుంది, అప్పుడు ఫోన్ చెయ్యి. ఖాళీ సీసా పారెయ్యకు.

మీ నాన్న

తా.క. మామ చూసిన ఆ పిల్ల పచ్చ చుడీదార్ వేసుకుందట, భుజం దగ్గర అద్దాలు కుట్టింది. దీపావళికి నీకు కొన్నది ఎక్కడుందో ఒకసారి బీరువాలో చూడమన్నాను మీ అమ్మని. ఇక్కడ లేదంది.