అరకు ఘాట్‌లో మలుపుల దగ్గర కార్లు ఆపకండి

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నంలో పాత కార్లున్న 24 కుటుంబాల వాళ్లం ఏటా ఒకసారి కలుస్తుంటాం. అంబాసిడర్లు, ఫియట్లు, తొలినాళ్ల మారుతి 800లు నాలుగు, ఒక జీపు. ఇంతకాలం భీమిలి రోడ్డులోనో సింహాచలం కొండ కిందో కలిసి, టిఫిన్లు చేసి, బానెట్లెత్తి ఒకరి ఇంజన్లు ఒకరం చూసుకుని వచ్చేసేవాళ్లం. ఈసారి సంక్రాంతి సెలవుల్లో అరకు వెళ్దామన్నారు. ముందుగా వెళ్లి దారి చూసి వచ్చే పని నాకు అప్పజెప్పారు. 32 ఏళ్లు లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషిని, ఏదీ వదలకుండా రాసుకొస్తానని వాళ్ల నమ్మకం.

నవంబరులో ఒక శనివారం తెల్లవారుజామున బయల్దేరాను. బండి మా నాన్నగారు 1984లో కొన్న ప్రీమియర్ పద్మిని. 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పక్క సీట్లో కంచరపాలెం మేస్త్రి, నాన్నగారి రోజుల నుంచీ ఈ బండి చూస్తున్నది ఆయనే. బయల్దేరే ముందే ఒక మాట చెప్పారు: "ఎక్కడానికేం మేడమ్, ఎక్కేస్తాది. దిగినప్పుడే చూసుకోవాల."

పెందుర్తి, కొత్తవలస దాటి ఎస్.కోటలో ట్యాంకు నింపాం, రేడియేటర్లో నీళ్లు చూసుకున్నాం. బౌడారా దాటాక ఘాట్ మొదలవుతుంది. అరకు లోయ సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, కార్బురేటర్ బండి కొంచెం బరువుగా లాగుతుంది. చాలా దూరం సెకండ్ గేర్లోనే ఎక్కాం. టైడా దాటాక టెంపరేచర్ ముల్లు పైకి పోవడం మొదలైంది. అనంతగిరికి ముందు ఒక వ్యూ పాయింట్ దగ్గర అందరూ ఆపుతున్నారు కదా అని నేనూ ఆపి, బానెట్ ఎత్తాను. రెండు చక్రాలు మట్టిలో, రెండు తారు మీద.

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ తర్వాత జరిగినది.

అక్కడ రోడ్డుకు రెండు పక్కలా కార్లే. మలుపు లోపలి వైపు కూడా వదల్లేదు. పిల్లలు రోడ్డు మధ్య నిలబడి సెల్ఫీలు తీసుకుంటున్నారు. మిగిలింది ఒక బండి పట్టేంత సందు. ఆ సందులోకి కింద నుంచి బస్సు వచ్చింది, పై నుంచి 108 అంబులెన్సు వచ్చింది. బస్సు వెనక్కి పోదామంటే దాని తోకకు అప్పటికే ఏడెనిమిది కార్లు ఆనుకుని ఉన్నాయి. అంబులెన్సు సైరన్ మోగుతూనే ఉంది. కొందరు పరుగెత్తుకెళ్లి తమ కార్లు తీశారు. కొన్ని కార్ల వాళ్లు ఫోటోల కోసం కొండ మీదికి ఎక్కిపోయారు, తాళాలు వాళ్ల దగ్గరే.

నేనూ పరుగున వచ్చి స్టార్ట్ చేశాను. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. పాత బండ్లు నడిపేవాళ్లందరికీ ఇది తెలుసు: వేడెక్కిన ఇంజన్ ఆపగానే ఆ సెగకి పంపులో పెట్రోలు ఆవిరైపోతుంది, చల్లారేదాకా పెట్రోలు పైకి రాదు. మేస్త్రి తడిగుడ్డ తెచ్చి పంపు మీద చుట్టారు. అది చల్లబడేదాకా ఆగే సమయమా అది! చివరికి బస్సులోంచి దిగిన ఐదుగురు కుర్రాళ్లు తోస్తే బండి పూర్తిగా మట్టిలోకి దిగింది.

అంబులెన్సు నా పక్కనుంచే వెళ్లింది. లోపల నిండు గర్భిణి. ఆమె తల దగ్గర కూర్చున్న పెద్దావిడ ఒక చేత్తో సెలైన్ సీసా కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో కిటికీ ఊచ పట్టుకుంది. ఆ వేళ్ల మీది పచ్చబొట్లు కూడా కనిపించేంత దగ్గరగా వెళ్లారు. విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి తీసుకెళ్తున్నారని బస్సు కండక్టరు చెప్పారు. అక్కడి నుంచి కేజీహెచ్ అంటే ఇంకా ఎంత దూరం!

వాచీ చూసుకున్నాను. అంబులెన్సు ఆగింది 11 నిమిషాలు. అందులో 4 నిమిషాలు నా బండి వల్ల. ఆ తల్లీబిడ్డలు ఎలా ఉన్నారో కనుక్కునే దారి నాకు లేకపోయింది. ఆ రాత్రి అరకులో నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టక లెక్క వేశాను. అంబాసిడర్ పొడవు 4.3 మీటర్లు. ముందూ వెనకా ఖాళీ కలుపుకుంటే ఒక్కో బండికి 6 మీటర్లు కావాలి. 24 బండ్లకు 144 మీటర్లు. ఘాట్‌లో మలుపు లేకుండా, రోడ్డు మీదికి రాకుండా అంత జాగా నాకెక్కడా కనిపించలేదు. అన్నీ పాత బండ్లు, అన్నీ ఎక్కడో ఒకచోట చల్లారడానికి ఆగాల్సినవే. సంక్రాంతి సెలవుల రద్దీలో మేమంతా వరసకట్టి వెళ్తే ఎన్ని 11 నిమిషాలవుతాయి? నేను వెళ్లింది మా బండ్లు ఆ కొండ ఎక్కగలవా అని చూడ్డానికి. మేం వెళ్తే ఆ కొండ మీద ఉండేవాళ్లకి దారి మిగులుతుందా అన్నది అప్పటిదాకా నాకు తోచనే లేదు. రోడ్డు లేని గూడేల నుంచి జబ్బు మనిషిని డోలీ కట్టి మోసుకొస్తారు. ఎంతో కష్టపడి రోడ్డెక్కాక, ఆ మిగిలిన దూరంలో మన కార్లు అడ్డమా?

మర్నాడు వేరే దారిన దిగాం. డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు. పొలాల్లో వలిసె పూలు పసుపు ఆరబోసినట్టున్నాయి. అక్కడా అదే పని, చేలో దిగి పూలు తొక్కుతూ ఫోటోలు. ఆ పూలు వాళ్ల పంట, గింజలు ఆడించి నూనె తీస్తారు. గట్టు మీద నిలబడినా ఫోటో బాగానే వస్తుంది.

పాడేరు ఘాట్ దిగడం గురించి మాత్రం కొంచెం వివరంగా రాస్తాను, కొత్త కార్ల వాళ్లకూ పనికొస్తుంది. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలన్నది పాత డ్రైవర్ల మాట. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లను ఆ ఒక్క రోజే ఇద్దర్ని చూశాను. న్యూట్రల్‌లో బండిని ఆపే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీల్చుకునే రకం. డాట్ 3 అనే రకం ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిన పాతదైతే 140 డిగ్రీలకే మరగొచ్చు. మరిగితే లోపల ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ తొక్కితే స్పాంజి తొక్కినట్టు కిందికి పోతుంది, బండి ఆగదు. మేం బయల్దేరే ముందే ఆయిల్ మార్పించాం. అయినా సగం ఘాట్ దిగి మోదకొండమ్మ అమ్మవారి పాదాల దగ్గర ఆగేసరికి ముందు చక్రాల దగ్గర కాలిన వాసన. మేస్త్రి అరచేయి డ్రమ్ముకు జానెడు దూరంలో పెట్టి చటుక్కున వెనక్కి తీసుకున్నారు. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి, అరగంట కూర్చుని, సెగ తగ్గాకే కదిలాం. చోడవరం వైపు వచ్చేస్తూ మాడుగుల హల్వా కట్టించుకున్నాం, ఇంట్లో అందరూ అడుగుతారని.

తిరిగొచ్చి మా వాళ్లందరినీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు, ఒకాయన "అందరూ వెళ్లడంలేదా, మనమేం పాపం చేశాం?" అన్నారు. అంబులెన్సు సంగతి మళ్లీ చెప్పాను. చివరికి అందరూ ఒప్పుకున్నారు. సంక్రాంతి సెలవుల ప్రయాణం మానేశాం. ఫిబ్రవరిలో, వారం మధ్యలో వెళ్తాం. 24 బండ్లు కాదు, 8 మాత్రమే, నాలుగేసి చొప్పున గంట తేడాతో. మిగతా కుటుంబాలు విశాఖ నుంచి అరకు మీదుగా పోయే కిరండూల్ రైల్లో వస్తాయి, పిల్లలకు సొరంగాలు చూసిన సరదా కూడా తీరుతుంది. చల్లారడానికి ఆగాల్సిన చోట్లు నేను టేపుతో కొలిచి గుర్తు పెట్టుకున్నవి మూడే, ఆ మూడు చోట్ల తప్ప ఎవరూ ఆపరు. ముందు బండి నాదే, వెనక బండిలో మేస్త్రి ఉంటారు.

ఇది మా 24 కుటుంబాలతో అయిపోయే విషయం కాదు. డిసెంబరు వస్తే కార్ల గుంపులు, బుల్లెట్ల గుంపులు, ఆఫీసుల పిక్నిక్కులు అన్నీ ఆ ఘాట్ మీదే. ఎస్.కోట విజయనగరం జిల్లా. ఘాట్ ఎక్కాక అల్లూరి సీతారామరాజు జిల్లా. ఎక్కే బండ్లేమో చాలావరకు మన విశాఖవి. మూడు జిల్లాల అధికారులు కలిసి కూర్చుంటే తప్ప దీనికి దారి దొరకదు. వ్యూ పాయింట్లకు అటూ ఇటూ మలుపుల్లో పార్కింగ్ పూర్తిగా ఆపించండి, సెలవు రోజుల్లో అక్కడ ఇద్దరు హోంగార్డులను పెట్టండి. కార్లు ఆపుకోవడానికి రోడ్డు తిన్నగా ఉన్న చోట జాగా చదును చేసి, ఇక్కడ ఇన్ని బండ్లే పడతాయని బోర్డు పెట్టండి. అది నిండితే ముందుకు పోవాల్సిందే. రెండు బండ్లు తప్పుకోలేని ఇరుకు ఘాట్‌లో దిగే బండే ఆగి ఎక్కే బండికి దారివ్వాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, ఆ సంగతి ఎస్.కోటలోనూ అరకులోనూ పెద్ద అక్షరాలతో రాయించండి. లైసెన్సు చేతిలో ఉన్నవాళ్లలోనే చాలామందికి అది తెలియదని ఆ రోజు నేను కళ్లారా చూశాను.

కారు నడిపే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ నా విన్నపం: వ్యూ పాయింట్ దగ్గర ఖాళీ లేకపోతే ఆపకండి. ఆపినా తాళాలతో ఒకరు బండి దగ్గరే ఉండండి. సైరన్ వినబడగానే బండి తీయగలగాలి.

క్రిస్మస్ సెలవులు మొదలయ్యేలోపు ఈ ఉత్తరం మీ పత్రికలో వేస్తే చాలా మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచరు,
మర్రిపాలెం, విశాఖపట్నం.