ఆదివారం లేపాక్షి ప్రయాణం

అందరికీ నమస్కారం!

బస్సు ఉదయం 5:30కి మెయిన్ గేటు దగ్గర ఉంటుంది. 5:45కి కదిలిపోతుంది, ఫోన్లు చేసి లేపడాలు ఉండవు.

ముందు వీరభద్రాలయం. 16వ శతాబ్దపు విజయనగర కట్టడం. వేలాడే స్తంభం కింద కండువా దూర్చే పని పిల్లలది.

ఏడు పడగల నాగలింగం దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఏకశిలా నంది మెడలోని గంటల పట్టీ దగ్గరికెళ్ళి చూడండి.

సీతమ్మ కోసం రావణుడితో పోరాడి జటాయువు రెక్కలు తెగి పడింది ఇక్కడేనని స్థలపురాణం. గెలవలేనని తెలిసీ ఎదురెళ్ళిన ముసలి పక్షి! ఆ కథ బస్సులో తాతయ్యలే చెప్పాలి.

టిఫిన్ మాది. నీళ్ళు, టోపీ మీవి. మధ్యాహ్నం బండలు కాలుతాయి, సాక్సులు మరవొద్దు.

శుక్రవారం రాత్రిలోగా ఎంతమందో ఇక్కడే రాయండి. థంబ్స్ అప్ పెడితే లెక్కలోకి రాదు 🙂