శ్రీనుకి

ఒరేయ్ శ్రీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకుంటూనే ఉంటావు. నాన్న కంటి ఆపరేషన్ బాగా జరిగింది, పొలం కౌలుకిచ్చేశాం. మిగతావన్నీ మామూలే. నీకు చెప్పాల్సింది వేరే ఉందిరా.

లక్ష్మికిప్పుడు ఐదో నెల. మొన్నో పెళ్లిలో ఒకాయన, అచ్చం మన కిరసనాయిలు బాబాయి లాంటివాడే, పంక్తిలో అందరి ముందూ "సబ్‌స్టేషన్‌లో చేసేవాళ్ల పిల్లలకి బ్లడ్ క్యాన్సర్ వస్తుందట" అనేశాడు. లక్ష్మి విస్తరి ముందునుంచి లేచిపోయింది. ఆ రాత్రి కన్ను మూయలేదు. కడుపుతో ఉన్న పిల్ల ముందు అనే మాటేనా అది?

మా ఏఈ గారు కాయితాలు తీసిస్తే కూర్చుని చదివాను. మాట ఊరికే పుట్టలేదు. 2000లో స్వీడన్‌లో తండ్రి పనిచేసేచోట కరెంటు వల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం 0.3 మైక్రోటెస్లా, ఆపైన ఉంటే పిల్లల్లో ల్యుకేమియా, అంటే ఆ బ్లడ్ క్యాన్సరే, రెట్టింపు కనబడిందట. 2003లో కెనడాలోని క్యూబెక్‌లో తల్లుల్ని చూశారు. అక్కడ అందరికన్నా ఎక్కువ క్షేత్రంలో ఉన్నది ఎవరో తెలుసా? కుట్టుమిషన్ల మీద పనిచేసే ఆడవాళ్లు! మోటారు ఒంటికి దగ్గరగా ఉంటుంది కదా. మా ఆవిడ పొద్దస్తమానం జాకెట్లు కుడుతుంది. అది చదివాక నాకు...

సరే, మిగతాది విను. 2019లో 11 అధ్యయనాలు కలిపి, ల్యుకేమియా వచ్చిన పిల్లలు 9,700 మందికి పైగా లెక్క తీశారు. తండ్రి పని చూసినా, తల్లి పని చూసినా సంబంధం కనబడలేదు! అది చదివి లేచి నిలబడ్డాన్రా. ఈ క్షేత్రం క్యాన్సర్ కారకం "కావచ్చు" అని 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన సంస్థ పెట్టిన మాట ఉంది, నిజమే. కానీ దానికి ఆధారం ముఖ్యంగా ఇళ్లలో కొలిచిన లెక్కలే, ఉద్యోగాలవి కాదు.

చదివి వినిపిస్తే లక్ష్మి ఊఁ కొట్టింది గానీ మొహం తేటపడలేదు. ఆ క్షేత్రం కొలిచే మీటరు ఏఈ గారిని అడిగి తెచ్చాను. కుట్టుమిషన్ మోటారుకి ఆనిస్తే అంకె ఎగిరింది, మూరెడు దూరం జరిపేసరికి చప్పున పడిపోయింది. తనే చేతిలోకి తీసుకుని ముందుకీ వెనక్కీ జరిపి జరిపి చూసింది. చివరికి "ఆ బెల్టు మార్చేయండి, కాన్పయ్యేదాకా కాలితో తొక్కుకుంటాను" అంది. అక్కర్లేదన్నాను, వినలేదు. మార్చేశాను. ఆ పూట కడుపునిండా తింది. నాకదే చాలు.

ఆ పెళ్లి పెద్దమనిషికి మాత్రం ఎదురుపడినప్పుడు ఈ కాయితాలన్నీ... ఉండు, రిలీవర్ ఫోన్ చేస్తున్నాడు, నైట్ షిఫ్ట్‌కి బయల్దేరాలి. నువ్వడిగిన ఆవకాయ సంగతి అమ్మతో

నీ
రాంబాబు