ధర తగ్గింది సరే, మందు చేతికెప్పుడొస్తుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

ఏడాదికి రెండు ఇంజెక్షన్లతో హెచ్‌ఐవీ సోకకుండా ఆపే లెనకాపవిర్ గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. అమెరికాలో ఏడాదికి 28,218 డాలర్లు పలికే ఆ మందును మన హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటిరో 2027 నుంచి 40 డాలర్లకే 120 దేశాలకు ఇస్తామన్నాయి. చాలా సంతోషించాను. ఆ వెంటనే మా అక్క గుర్తొచ్చింది. అందుకే ఈ ఉత్తరం.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. మా బావ లారీ డ్రైవర్. 1999లో విడవని జ్వరాలు, విరేచనాలతో చిక్కి చిక్కి పోయాడు. ఆయన పోయాకే అక్కకు పరీక్ష చేయించాం. ఆమెకూ హెచ్‌ఐవీ ఉందన్నారు. పెళ్లిలో సారెగా పెట్టిన స్టీలు గ్లాసు మీద అక్క పేరు చెక్కించి ఉండేది. మా అమ్మ ఆ గ్లాసును, ఒక పళ్లేన్ని తీసి వసారాలో కిటికీ మీద విడిగా పెట్టింది. "నా గ్లాసేగా, పేరుంది కదా" అంటూ అక్క ఏమీ ఎరగనట్టే తీసుకునేది. కలిసి తిన్నా తాగినా అది అంటుకోదని నాకు తెలుసు. అయినా ఆ గ్లాసుతో ఒక్కసారి కూడా నీళ్లు తాగలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

2001 ఫిబ్రవరిలో సిప్లా కంపెనీ, అంతకుముందు ఏడాదికి పది వేల డాలర్లు దాటే మూడు మందుల చికిత్సను 350 డాలర్లకే ఇస్తానని ఒక స్వచ్ఛంద వైద్య సంస్థకు చెప్పింది. ఆ వార్త కూడా పేపర్లో చదివాను. కత్తిరించి జేబులో పెట్టుకుని ఊరెళ్లాను. కానీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, ఇవ్వడం మొదలైంది 2004 ఏప్రిల్ 1న. అక్క 2003 డిసెంబరులో పోయింది. నాలుగు నెలలు! మందుంది, ధర తగ్గింది, పేపర్లోనూ వచ్చింది. అక్క చేతికి మాత్రం రాలేదు.

ఆ తర్వాత 2006లో హైదరాబాద్ శివార్లలో ఒక మాత్రల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చేరాను. 2024లో రిటైరయ్యేదాకా అక్కడే. చివరి ఏళ్లలో మా లైను మీద ఎక్కువగా నడిచింది టీఎల్‌డీ. టెనోఫొవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిపిన హెచ్‌ఐవీ మాత్ర, రోజుకొకటి. తెల్ల డబ్బాలో మాత్రలు పడేవి, తేమ పీల్చే చిన్న గుళిక పడేది, సీలు, మూత, లేబుల్. గుళిక పడని డబ్బాను పక్కకు తీయడం నా బాధ్యత. కొన్ని బ్యాచ్‌లకు లేబుల్ పోర్చుగీసులో ఉండేది. ఇది ఏ ఊరికి పోతుందని అడిగితే మొజాంబిక్ అన్నారు. ఇంటికొచ్చి మా అమ్మాయి అట్లాసులో వెతికి చూశాను. ఆఫ్రికాకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉంది. అప్పట్నుంచి ఆ లేబుల్ వచ్చిన రోజు డబ్బాలను ఇంకాస్త జాగ్రత్తగా చూసేవాణ్ని. ఈ మాత్ర మానకుండా వేసుకునే మనిషి రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గిపోతుంది. అలాంటి మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. మానేస్తే కొన్ని వారాల్లోనే మళ్లీ లేస్తుంది.

ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం లెక్క ప్రకారం 2024లో ప్రపంచంలో 4 కోట్ల 8 లక్షల మంది హెచ్‌ఐవీతో ఉన్నారు. వారిలో 3 కోట్ల 16 లక్షల మందికి మందులు అందుతున్నాయి. మిగతా 92 లక్షల మందికి ఇంకా అందడం లేదు. ఆ ఒక్క ఏడాదే 6 లక్షల 30 వేల మంది పోయారు. ఇలా ఉండగా 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఆపేసింది. ఇతర దేశాల్లో హెచ్‌ఐవీని ఎదుర్కోవడానికి అమెరికా డబ్బుతో 2003 నుంచి నడుస్తున్న పెప్‌ఫార్ పథకం మీద ఆధారపడిన దేశాల్లో పరీక్షలు చేసేవాళ్లు, కౌన్సెలర్లు, ఇంటింటికీ తిరిగి మందు మానొద్దని చెప్పేవాళ్లు వేల మంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. కొంత సాయం తర్వాత మళ్లీ ఇచ్చారు గానీ అంతా పూర్వంలా లేదు. మాత్ర తయారు కావడం వేరు, మనిషి నోట్లో పడడం వేరు. ఆ మధ్యలో ఉండేది ఈ మనుషులే.

మీ శీర్షికలో "ఎయిడ్స్‌కు మందు" అని వేశారు. దయచేసి సవరించండి. ఈ ఇంజెక్షన్ మీద 40 డాలర్ల కబురు జబ్బు ఉన్నవాళ్లను నయం చేయడానికి కాదు, లేనివాళ్లకు రాకుండా చూడడానికి. ముందు పరీక్ష చేసి, లేదని తేలాకే పొట్ట చర్మం కింద వేస్తారు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 2,134 మంది యువతులకు వేసి చూస్తే ఒక్కరికి కూడా హెచ్‌ఐవీ సోకలేదు. ఒక్కరికి కూడా! మా అక్కలాంటి ఆడవాళ్లకు దీని విలువ ఏమిటో నాకు తెలుసు. కండోమ్ వాడమని భర్తను అడిగే ధైర్యం ఆమెకు లేదు, అడిగినా ఆయన వినేవాడు కాదు. ఆర్నెల్లకోసారి ఆసుపత్రికి వెళ్లి రావడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ఇంకో మాట. ఆ 120 దేశాల జాబితాలో మనముండగా బ్రెజిల్, అర్జెంటీనా, మెక్సికో, పెరూ లేవు. ఈ మందు ప్రయోగాలకు అక్కడి జనం కూడా తమ ఒళ్లు అప్పగించారు. వాళ్లను బయట పెట్టడం అన్యాయం.

మన దేశంలో సుమారు 25 లక్షల మంది హెచ్‌ఐవీతో ఉన్నారు. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 3 లక్షలు దాటారు. కాబట్టి 2027 వార్త రాసి ఊరుకోకండి. మన ప్రభుత్వాలు దీన్ని ఉచితంగా ఇస్తాయా, ఏ జిల్లా ఆసుపత్రిలో ఎప్పుడు మొదలుపెడతాయి, ముందు ఎవరికి వేస్తాయి అని మీ విలేకరులతో అడిగించండి. జవాబు రాకపోతే మళ్లీ అడిగించండి.

అక్క కొడుక్కి ఈ మధ్యే సంబంధం కుదిరింది. నా పేరు వేయకండి.

ఒక పాఠకుడు,
హైదరాబాద్