నీ ఎస్‌ఓపీ చదివాను, ఆ వాక్యాల గురించే ఈ ఉత్తరం

ఏరా,

నీ ఎస్‌ఓపీ, అదే మాస్టర్స్ అప్లికేషన్‌తో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ వ్యాసం, రెండు వెర్షన్లూ చదివాను. ఫోన్‌లో చెప్తే సగం గాల్లో పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నా, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

మొదటి వెర్షన్‌లో ఒక్కో వాక్యం ఐదారు లైన్లు నడిచింది. ఆ తర్వాత కన్సల్టెన్సీ వాళ్లెవరో వాక్యం పదిహేను పదాలు దాటితే అడ్మిషన్ కమిటీ చదవదని చెప్పేసరికి, నువ్వు కంగారుపడి రెండో వెర్షన్‌లో దొరికిన ప్రతి వాక్యాన్నీ ముక్కలు చేసేశావు. నాకైతే మొదటిదే నయం అనిపించింది. చదవడానికి కష్టపడ్డాను గానీ అందులో నువ్వు కనిపించావు. రెండో దాంట్లో వెతికినా ఒక్క గ్రామర్ తప్పు దొరకదు, కానీ అది ఎవరు రాశారంటే చెప్పలేను.

ఇంకొకటి, ఆ యాప్ ఏదో నీ వ్యాసానికి రీడబిలిటీ స్కోర్ (చదవడానికి ఎంత తేలికో చెప్పే మార్కు) తక్కువిచ్చిందని టెన్షన్ పడ్డావు చూడు, ఆ స్కోర్ ఎలా వస్తుందో తెలిస్తే నీకా భయం పోతుంది. రుడాల్ఫ్ ఫ్లెష్ అనే ఆయన 1948లో ఇచ్చిన సూత్రం అది, లేదా దాన్నుంచే 1975లో అమెరికా నేవీ కోసం కిన్‌కెయిడ్ బృందం తయారుచేసిన రూపం అయ్యుంటుంది. రెండూ చూసేవి రెండే రెండు: వాక్యానికి సగటున ఎన్ని పదాలు, పదానికి సగటున ఎన్ని సిలబుల్స్. అంతే. నువ్వు రాసింది నిజమా, కొత్తదా, ఒక మాటకీ తర్వాతి మాటకీ సంబంధం ఉందా అన్నది ఆ సూత్రానికి అక్కర్లేదు. నావికులు టెక్నికల్ మాన్యువల్ చదివి పని చేయగలరా లేదా అని అంచనా వేయడానికి అది సరిపోయింది. అలాగే బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌కి రాసేవాళ్లకి వాక్యం 25 పదాలు దాటనివ్వొద్దని ఒక సూచన ఉంది. పన్ను ఎలా కట్టాలో, పాస్‌పోర్ట్‌కి ఎలా అప్లై చేయాలో చెప్పే చోట అది న్యాయమే, చదివేవాడికి కావాల్సింది సమాచారం, అది దొరకగానే వెళ్లిపోతాడు. నీ ఎస్‌ఓపీ చదివే ప్రొఫెసర్‌కి సమాచారం నీ ట్రాన్‌స్క్రిప్ట్‌లోనే, అంటే మార్కుల జాబితాలోనే ఉంది. ఆయన చూడాలనుకునేది నువ్వు ఎలా ఆలోచిస్తావని.

ఆ నీటి సెన్సర్ పేరానే తీసుకో. నీ వ్యాసం ఇంగ్లీషులో ఉన్నా ఇక్కడ తెలుగులోనే చెప్తా. రెండో వెర్షన్‌లో ఇలా ఉంది: "మేం సెన్సర్ తయారుచేశాం. రీడింగులు తప్పుగా వచ్చాయి. కోడ్ పరిశీలించాం. అసలు కారణం వేడి. దీనివల్ల నాకు ఈ రంగం మీద ఆసక్తి పెరిగింది." ఇందులో అబద్ధం లేదు. కానీ వేడికీ ఆసక్తికీ మధ్య ఏం జరిగిందో ఎవరికి తెలుస్తుంది? మొదటి వెర్షన్‌లో అదే విషయం దాదాపు ఇలా ఉండేది: "మధ్యాహ్నం పూట మాత్రమే రీడింగులు తేడాగా వస్తుంటే కోడ్‌లోనే ఏదో తప్పుందనుకుని రోజుల తరబడి అదే వెతికాం గానీ, ఎండకి పెట్టె లోపల వేడెక్కి సెన్సర్ చూపే విలువే పక్కకి జరిగిపోతోందని చివరికి తేలింది, అప్పటినుంచి ఏ కొలత చూసినా దీన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్న ప్రశ్న నన్ను వదల్లేదు." ఒరేయ్, ఇది పొడుగు వాక్యమే, అయినా ఎక్కడా ఆగకుండా చదివాను. "మాత్రమే" ఉంది కాబట్టి నువ్వు గమనించావని తెలిసింది, "అనుకుని" ఉంది కాబట్టి ముందు వేరే దారిలో వెళ్లావని తెలిసింది, "గానీ" దగ్గర దారి మారింది. నువ్వు ముక్కలు చేసినప్పుడు పోయినవి సరిగ్గా ఇవే. వాక్యాలు మిగిలాయి, వాటి మధ్య ఉన్న ఆలోచన పోయింది, పైగా మాస్టర్స్‌కి తీసుకునేవాళ్లు వెతికేది ఆ ఆలోచననే.

అలాగని మొదటి వెర్షన్‌ని యథాతథంగా పంపెయ్యమని కాదు. అందులో పొడుగు వాక్యాలు రెండు రకాలున్నాయి. సెన్సర్ వాక్యం ఒక రకం. రెండో రకం నీ మొదటి పేరా: నేటి వేగంగా మారుతున్న సాంకేతిక ప్రపంచంలో డేటా ప్రాముఖ్యత రోజురోజుకీ పెరుగుతున్న నేపథ్యంలో పరిజ్ఞానం, నైపుణ్యం, అనుభవం సంపాదించాలన్న దృఢ సంకల్పంతో... ఇక్కడికి నాలుగు లైన్లయ్యాయి, ఇంకా నువ్వు రంగంలోకే రాలేదు. ఈ వాక్యాన్ని చిన్నది చేసినా లాభం లేదు, ఎందుకంటే చెప్పే విషయమే లేదు. తీసెయ్. "ఎవర్ సిన్స్ మై చైల్డ్‌హుడ్", "ఐ యామ్ ప్యాషనేట్ అబౌట్", మూడేసి నామవాచకాలు వరసగా పేర్చడం, ఇవన్నీ కూడా అంతే. "ప్లెథోరా" అన్న మాట నీ నోట ఒక్కసారి కూడా వినలేదు నేను, మరి వ్యాసంలోకి ఎలా వచ్చింది?

మనవాళ్లకి ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది ఇంకోటుంది, దీని మీద ఎవరూ మాట్లాడరు. తెలుగులో క్రియ చివర వస్తుంది. వెళ్లి, చూసి, తెలుసుకుని, అని ఎన్నయినా కలుపుకుంటూ పోయి చివర్లో అసలు పని చెప్తాం, మన చెవికి అది హాయిగా ఉంటుంది. అదే అలవాటుతో ఇంగ్లీషు రాస్తే "వైల్", "వెన్", "హ్యావింగ్" అంటూ షరతులన్నీ ముందే పేరుకుపోయి, ఎవరు ఏం చేశారన్నది వాక్యం చివరికి గానీ తెలియదు. ఇంగ్లీషు చదివేవాడికి కర్తా క్రియా మొదట్లోనే పక్కపక్కన దొరకాలి. అవి దొరికాక వివరాలు కుడివైపు ఎంత దూరం సాగినా అతను నీతో నడుస్తాడు. కాబట్టి నీ పొడుగు వాక్యాల్లో పదాలు లెక్కపెట్టకు, "ఐ" అన్నదీ దాని క్రియా ఎక్కడున్నాయో చూడు. చాలావాటిని ముందూ వెనకా మారిస్తే చాలు, కోయాల్సిన పని ఉండదు.

చిన్న వాక్యాలు వద్దని కూడా అనను. పెద్ద వాక్యం తర్వాత వచ్చే చిన్న వాక్యానికి బలం ఎక్కువ, అందుకే దాన్ని నిజంగా బరువున్న చోటికి దాచుకోవాలి. ఆ టీమ్ సగంలో విడిపోయిన సంగతి నువ్వు మూడు లైన్లలో సర్దిచెప్పావు. అక్కడ "మిగిలింది నేనొక్కడినే" అంటే సరిపోయేది.

ఏఐ టూల్‌లో వేసి పాలిష్ చేద్దామా అన్నావు. వద్దురా. వాక్యాలన్నీ ఒకే పొడుగుకి వచ్చేసి, అన్నీ ఒకే గొంతుతో మాట్లాడతాయి. దానికంటే గట్టిగా చదువు, గదిలో ఒక్కడివే ఉన్నప్పుడు. ఎక్కడ ఊపిరి అందట్లేదో, ఏ వాక్యం మొదలు చివరికొచ్చేసరికి గుర్తులేదో, అక్కడ గీత పెట్టు. నీ నాలుక తడబడిన చోటే చదివేవాడి కన్ను తడబడుతుంది.

మీ చెల్లి కూడా బీఎస్‌కి, అంటే డిగ్రీకి అప్లై చేస్తోందన్నావు కదా, ఆమెకి ఈ గోల ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ చోటు కొలిచి ఇస్తారు. అమెరికాలో చాలా కాలేజీలకి ఒకే ఫారంతో అప్లై చేసే కామన్ యాప్ వ్యాసానికి 250 నుంచి 650 పదాలు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్లు 8 ప్రశ్నలిచ్చి 4 ఎంచుకోమంటారు, ఒక్కోదానికి 350 పదాలు మించకూడదు. బ్రిటన్‌లో యూనివర్సిటీ అప్లికేషన్లు తీసుకునే యూకాస్ అయితే పదాలు కాదు, స్పేసులతో కలిపి 4000 అక్షరాలు. 2026లో చేరేవాళ్ల నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు, ఒక్కో జవాబుకి కనీసం 350 అక్షరాలు ఉండాలి. లిమిట్ దాటినప్పుడు అందరూ ముందు "బట్", "బికాజ్", "ఆల్దో" లాంటి మాటలు తీసేస్తారు, చిన్నవి కదా పోతే పోనీ అని. ఆమెని అలా చెయ్యొద్దను. ఒక సంగతిని మొత్తంగా వదిలేసి, మిగిలినవాటిని వాటి "ఎందుకంటే"లతో సహా ఉంచుకోమను. ఐదు విజయాలు చెప్పేకన్నా ఒక్కదాని వెనకున్న కారణాలు చెప్తే చాలా బాగుంటుంది.

చివరి పేరాలో ప్రొఫెసర్ల పేర్లు వరసగా రాసి "వీరి పరిశోధన నా ఆసక్తులతో సరిపోతుంది" అన్నావు చూడు, అక్కడ మాత్రం వాక్యం పెంచాల్సిందే. ఒక్కరిని తీసుకుని, ఆవిడ చేసే పనిలో ఏ భాగం నీ సెన్సర్ ప్రశ్నకి తగులుతుందో ఒకే వాక్యంలో చెప్పి చూడు, "ఎందుకంటే" దగ్గర నీకు మాట దొరక్కపోతే ఆవిడ పేపర్లు ఇంకోసారి చదవాలని అర్థం. ఆ పేరా ముందు రాసి పంపు, శనివారం లోపు చూసి చెప్తా.

ఉంటా మరి.