కాటా ఒక్కటే చాలదు

సంపాదకుడు గారికి,

బడిలో ఆరోగ్య పరీక్షల రోజున ఏటా దగ్గరుండి చూస్తున్నాను. పిల్లవాణ్ణి కాటా ఎక్కిస్తారు, అంకె పైకి చదువుతారు, వరుసలో వెనకున్నవాళ్లు కిసుక్కున నవ్వుతారు. వాడు చొక్కా కిందికి లాక్కుంటూ దిగుతాడు. “కాస్త తగ్గాలి నాయనా” అని కార్డు చేతిలో పెడితే పరీక్ష అయిపోయినట్టే.

ఆ బరువు లోపల ఏం చేస్తోందో కాటా చెప్పదు. ఒంట్లో అన్నిటికన్నా చిన్న రక్తనాళాలైన కేశనాళికలు ఎంత సన్నమంటే ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనక ఒకటి, ఒళ్లు వంచుకుని దూరాల్సిందే. ఈ కేశనాళికలకు రక్తం అందించే చిన్న ధమనులు అవసరాన్ని బట్టి విచ్చుకుంటూ, ముడుచుకుంటూ ఉంటాయి. విచ్చుకోవాలంటే వాటి లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ రావాలి. (1998లో వైద్య నోబెల్ వచ్చింది ఈ వాయువు సంగతి తేల్చినందుకే.) పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటే ఆ పొర దెబ్బతింటుంది, నాళాలు బిగుసుకుంటాయి, రక్తపోటుకు దారి పడుతుంది. నొప్పి ఉండదు, పిల్లలు ఏమీ చెప్పరు. ఊబకాయం ఉన్న పిల్లల కంటి వెనక పొరలో (రెటీనాలో) చిన్న ధమనులు సన్నబడటం పరిశోధకులు గమనించారు. కోత లేకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే చోటు అది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 5-19 ఏళ్లవారిలో ఊబకాయం 1990లో 2 శాతం, 2022లో 8 శాతం. “ఎదిగితే అదే తగ్గుతుందిలే” అనుకునే తల్లిదండ్రులు ఈ అంకెలు చూడాలి.

అందుకే బరువుతోపాటు బీపీ కూడా చూడమంటున్నాను. అదీ చేతికి సరిపడే పట్టీతో. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కూడా ఉన్నట్టు చూపిస్తుంది. ఒకసారి మా బడిలో గాలి కొడుతుండగానే పట్టీ పర్రున ఊడొచ్చింది. పిల్లాడు సిగ్గుతో చచ్చిపోయాడు, అంకె మాత్రం ఏదో ఒకటి రాసేశారు. పైగా చిన్నపిల్లల బీపీని పెద్దల కొలతతో తూచకూడదు. వయసు, ఎత్తు, ఆడా మగా చూసి లెక్కగట్టాలి. బరువు కూడా తలుపు వేసి తూస్తే పోయేదేముంది?

ఇందులో ఊరట ఒకటుంది. క్రమం తప్పక వ్యాయామం చేయిస్తే, బరువు పెద్దగా తగ్గకముందే పిల్లల రక్తనాళాల పనితీరు మెరుగుపడుతుందని పరిశోధనల్లో తేలింది. మరి మనం పరీక్షలు దగ్గరపడగానే మొదట ఎత్తేసేది ఆటల పీరియడే. సిలబస్ అవలేదని దాన్ని అడిగి తీసుకున్న లెక్కల మాస్టర్లలో నేనూ ఒకణ్ణి. ఈ ఏడు అడగలేదు.

ఇట్లు,
ఒక లెక్కల ఉపాధ్యాయుడు