జ్వరం లేదని పెద్దవాళ్ల మెదడువాపును లెక్క తప్పించకండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

కర్ణాటక ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు. ఈ లేఖ కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. కోలార్, చిక్కబళ్లాపుర పల్లెల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డ మా తెలుగు ఇళ్లలోనూ చదవాలని తెలుగులోనూ రాస్తున్నాను. ఇందులో సగం మీ శాఖ పని, సగం మా ఇళ్లలో జరగాల్సిన పని.

మెదడువాపు అనగానే ప్రభుత్వానికి పిల్లలే గుర్తొస్తారు. అందులో తప్పేమీ లేదు. దోమలు మోసుకొచ్చే మెదడువాపు అయిన జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మా కోలార్ జిల్లాకు పాత శత్రువు. కోలార్‌లో సేకరించిన వైరస్ నుంచే హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ జెన్‌వ్యాక్ టీకా తయారుచేసింది. (ఈ సంగతి మావాళ్లలో చాలామందికి తెలియదు. తెలిసుంటే శ్రీనివాసపురం మామిడితో పాటు దీన్నీ గొప్పగా చెప్పుకునేవాళ్లం.) ఈ జబ్బున్న జిల్లాల్లో పిల్లలకు 9వ నెలలో ఒక డోసు, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది వేస్తున్నారు. సంతోషం.

నా పేచీ పెద్దవాళ్ల విషయంలో. ఒక మనిషిని అక్యూట్ ఎన్‌సెఫలైటిస్ సిండ్రోమ్ (ఉన్నట్టుండి వచ్చే మెదడువాపు లక్షణాలు) కేసుగా రాసుకోవాలంటే ఉన్నట్టుండి జ్వరం రావాలి, దాంతో పాటు మతి తప్పడమో ఫిట్సో ఉండాలి. ఏ వయసు వారికైనా ఇదే కొలత. కానీ డెబ్భై దాటిన ఒంటికి గట్టి ఇన్ఫెక్షన్ తగిలినా థర్మామీటరు కదలకపోవచ్చు. వైరస్‌ను ఎదిరించే శక్తి తగ్గినవాళ్లలోనే దాని జాడ చెప్పే జ్వరమూ తగ్గుతుంది. పెద్దవాళ్లు మన లెక్కల్లోంచి జారిపోయేది ఇక్కడే.

నేను జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, అందుకే కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి. మెదడులో మైక్రోగ్లియా అనే రక్షణ కణాలుంటాయి. మనం తల్లి కడుపులో ఉండగానే అవి మెదడులో చేరి, జీవితమంతా అక్కడే ఉంటాయి. ఎలుకల్లో మందుతో వీటిని తీసేసి మెదడుకు సోకే వెస్ట్ నైల్ వైరస్ ఎక్కిస్తే, మామూలు ఎలుకల కంటే ఎక్కువ చచ్చిపోయాయి. వయసు మీదపడేకొద్దీ ఈ కణాల కదలిక మందగిస్తుంది. వైరస్ వచ్చిందని చుట్టుపక్కల కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ సంకేతాలు ఆలస్యమవుతాయి. తీరా మేలుకున్నాక ఈ కణాలు తాము రేపిన మంటను (వాపును) ఆపుకోలేవు. మా ఊళ్లో కునికే తోట కాపలావాడు ఇంతే: దొంగలు కాయలు కోసుకుపోయాక లేచి చీకట్లో కర్ర తిప్పుతాడు, తగిలేది మన చెట్లకే. దీనికి తోడు రక్తానికీ మెదడుకీ మధ్యనుండే అడ్డుగోడ ముసలితనంలో కారడం మొదలవుతుంది. వైరస్‌తో పోరాడే కొత్త టీ కణాలను తయారుచేసే థైమస్ గ్రంథి అప్పటికే చాలావరకు కొవ్వుగా మారిపోయి ఉంటుంది. దాంతో బయటినుంచి రావాల్సిన సాయమూ పలచబడుతుంది.

ఇదంతా మా ఇంట్లోనే చూశాను. మా బావగారు మామిడి మండీలో బతుకంతా గడిపి, కొడుకు దగ్గరుందామని బెంగళూరు వచ్చారు. ఒక సాయంత్రం మా అక్కతో, "ఏమే, పాలు మాడుతున్నాయి, స్టవ్ చూడు" అన్నారు. స్టవ్ వెలిగించనేలేదు. కాసేపటికి మళ్లీ అదే మాట. రాత్రి పదింటికి చొక్కా వేసుకుని "లారీ లోడు ఎక్కించారా?" అని గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆసుపత్రికి తీసుకెళితే జ్వరం లేదు, సీటీ స్కాన్‌లో ఏమీ కనబడలేదు. "వయసు కదా సార్, కాస్త అయోమయం మామూలే" అని నిద్రమాత్ర రాసిచ్చి పంపేశారు. లేని మాడు వాసన రావడం, మాట తడబడటం కణతల వెనకుండే మెదడు భాగం దెబ్బతింటోందనడానికి గుర్తులు కావచ్చని అక్కడెవరికీ తట్టలేదు.

ఫిట్స్ వచ్చాక వేరే ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడి డ్యూటీ డాక్టరమ్మ వెన్నులోంచి నీరు తీసి, వైరస్ జాడ పట్టే పరీక్ష పీసీఆర్‌కు పంపి, రిపోర్టు కోసం ఆగకుండా వైరస్‌ను అణచే ఎసైక్లోవిర్ మందు డ్రిప్ మొదలుపెట్టింది. తేలింది హెర్పిస్ సింప్లెక్స్. పెదవి అంచున నీటిపొక్కులు లేపే మామూలు వైరస్సే, మనలో చాలామంది ఒంట్లో ఏళ్ల తరబడి దాక్కుని ఉంటుంది. అది మెదడుకెక్కినప్పుడు మందు పడకపోతే 100 మందిలో దాదాపు 70 మంది దక్కరు. బావగారు దక్కారు. నలభై ఏళ్ల కిందటి మండీ ధరలు గడగడా చెబుతారు గానీ, పొద్దున తిన్నదేమిటో మధ్యాహ్నానికి గుర్తుండదు. ఆ మొదటి రాత్రే మందు పడుంటే ఎంత మిగిలేదో అన్న లెక్క మా అక్క ఇంకా వేసుకుంటూనే ఉంది.

అందుకని అడుగుతున్నాను. అరవై దాటినవాళ్లు ఉన్నట్టుండి మతి తప్పితే, జ్వరం లేకపోయినా అనుమానపు కేసుగా రాసుకోమని మీ శాఖ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. సోడియం పడిపోయినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా పెద్దవాళ్లకు మతి తప్పుతుంది, నిజమే. వాటిని చూడాల్సిందే. కానీ అవి కాదని తేలాక ఇంటికి పంపకూడదు. కోలార్, చిక్కబళ్లాపుర జిల్లా ఆసుపత్రుల్లో వెన్నునీరు తీసే ఏర్పాటు, దాన్ని అదే రోజు ల్యాబుకు చేర్చే బండి, ఎసైక్లోవిర్ ఇంజెక్షన్ నిల్వ ఉండాలి. ఎనిమిది గంటలకోసారి చొప్పున రెండు మూడు వారాలు ఎక్కించాల్సిన మందు అది. ముసలివాళ్ల కిడ్నీలను కనిపెట్టుకుంటూ ఇవ్వాలి కాబట్టి నర్సులకూ శిక్షణ కావాలి.

కొత్తగా ఏదీ కట్టనక్కర్లేదు. బెంగళూరులోని మెదడు జబ్బుల ఆసుపత్రి నిమ్హాన్స్‌తో కలిసి మీ ప్రభుత్వం నడుపుతున్న కర్ణాటక బ్రెయిన్ హెల్త్ ఇనిషియేటివ్ మొదలైన జిల్లాల్లో కోలార్, చిక్కబళ్లాపుర ఉన్నాయి. బెంగళూరు సైన్స్ పరిశోధనా సంస్థ ఐఐఎస్సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ శ్రీనివాసపురం తాలూకా పల్లెల్లోనే 45 దాటినవాళ్ల మెదళ్లు ఎలా ముసలివవుతున్నాయో ఏళ్ల తరబడి పరిశీలిస్తోంది. ఇంత నైపుణ్యం చేతికందే దూరంలో ఉంది. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు ఒక్క ప్రశ్న నేర్పండి చాలు: "అజ్జి, తాత ఈ రెండు మూడు రోజుల్లో ఉన్నట్టుండి మారారా?"

సర్పి టీకా సంగతి కూడా చూడండి, ఒంటిపై నొప్పితో నీటిపొక్కులు లేచే జబ్బు, కన్నడంలో సర్పసుత్తు అంటారే, అదే. వేల్స్‌లో టీకా అర్హతకు గీతగా పెట్టిన 1933 సెప్టెంబరు 2కి అటూ ఇటూ పుట్టినవారిని పోల్చి 2025లో నేచర్ పత్రికలో వేసిన అధ్యయనంలో, ఈ టీకా వేసుకున్నవారిలో ఏడేళ్లలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఐదో వంతు తక్కువగా కనిపించింది. అది పాతరకం టీకా. ఇక్కడ 2023 నుంచి దొరుకుతున్నది వేరే రకం, అదీ వేలల్లో ఖరీదు. అందరికీ ఉచితంగా వేయమనడం లేదు. పేద వృద్ధుల కోసం ధర తగ్గించమని కంపెనీతో బేరమాడటం మీ చేతిలో ఉంది. అయితే ముందు ఆ సర్క్యులర్ సంగతి చూడండి, దానికి సంతకం తప్ప పెద్ద ఖర్చేమీ లేదు. వానలు మొదలై దోమలు రేగకముందే అది జిల్లాలకు చేరాలి.

ఇట్లు,
రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
రామమూర్తినగర్, బెంగళూరు